సెలైన్ ఎప్పుడు ఆపాలో నేను రాయలేదు: పేగుకు చిల్లుపడిన ఒక రోగి కేసు

గత ఫిబ్రవరిలో గుంటూరులో, నేను పనిచేసే 14 పడకల ఐసీయూలో చూసిన కేసు ఇది. కుటుంబం అనుమతి తీసుకుని రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. జబ్బు అరుదైనది కాదు, చేసిన ఆపరేషన్ కూడా ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా జరిగేదే. అయినా రాయాలనిపించింది. సోమవారం ఆయన ప్రాణం నిలబెట్టిన సీసాలే గురువారం నాటికి ఆయనను సొంతంగా ఊపిరి తీసుకోనివ్వని స్థితికి తెచ్చాయి. మధ్యలో ఆ మలుపు ఎక్కడుందో ఐసీయూలో పనిచేసే యువ డాక్టర్లకు, సిస్టర్లకు చూపించాలి.

వచ్చినప్పుడు

వయసు 56. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ. కొత్త పంట వచ్చే రోజులు కావడంతో నెల రోజులుగా ఒంటికి విశ్రాంతి లేదు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు రోజుకు రెండు మూడు వేసుకునేవారు, చాలాసార్లు పరగడుపున టీతోనే. శనివారం రాత్రి 9 గంటలకు పైకడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చింది. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చారు, నీరసానికి రెండు గ్లూకోజ్ బాటిళ్లు పెట్టారు. ఆదివారం ఉదయం నొప్పి కాస్త తగ్గింది. పేగుకు చిల్లుపడిన కొన్ని గంటలకు నొప్పి ఇలా మభ్యపెట్టడం ఉంది. ఉదరంలో ఊరే నీరు ఆమ్లాన్ని పలచన చేస్తుంది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, సాయంత్రానికి కడుపు బల్లలా బిగుసుకుంటుంది.

సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు మా దగ్గరకు వచ్చేసరికి నొప్పి మొదలై 32 గంటలైంది. నాడి 132, బీపీ 82/50, శ్వాస నిమిషానికి 32, జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్. చేతులు మణికట్టు దాకా చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 6 సెకన్లు పట్టింది, 3 లోపు రావాలి. కాథెటర్ వేస్తే 30 మి.లీ. ముదురు మూత్రం. లాక్టేట్ (అవయవాలకు రక్తం చాలకపోతే పెరిగేది) 5.8, క్రియాటినిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగేది) 2.1, హిమోగ్లోబిన్ 15.8. ఎండలో, దుమ్ములో రోజంతా మోసే మనిషికి 15.8 అంటే రక్తం బాగుందని కాదు, అందులో నీరు తగ్గి చిక్కబడిందని అర్థం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఉదరవితానం (ఛాతీకి, ఉదరానికి మధ్య ఉండే కండర పొర) కింద గాలి కనిపించింది. స్ట్రెచర్ తూకంలో బరువు 58.5 కిలోలు. ఆ అంకెను అప్పుడే రాసుకున్న సిస్టర్‌కు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మొదటి ఆరు గంటలు

ఉదరం లోపలి పొర విస్తీర్ణం దాదాపు ఒంటి చర్మమంత ఉంటుంది. దాని మీదకు ఆమ్లం, పసరు చిమ్మితే లోపల పెద్ద కాలిన గాయం అయినట్టే. రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు ఉదరంలోకి, పేగు గోడల్లోకి ఊరిపోతుంది. మనిషి బరువు పెద్దగా తగ్గడు, గుండెకు తిరిగి వచ్చే రక్తం మాత్రం తగ్గిపోతుంది. ఈ దశలో ద్రవం ఇవ్వడానికి వెనకాడితే రోగిని పోగొట్టుకుంటాం.

రింగర్ లాక్టేట్ అనే లవణ ద్రవం 500 మి.లీ. పదిహేను నిమిషాల్లో ఇచ్చి మళ్లీ చూశాం. గోటి రంగు 5 సెకన్లు. మరో 500 ఇచ్చి మళ్లీ చూశాం. ప్రతి సీసాకు ముందు, తర్వాత మంచం పక్కన నిలబడి చేతులు తాకి చూడాలి, ఊపిరితిత్తులు వినాలి. తలుపు దగ్గర నుంచే ‘రెండు లీటర్లు పెట్టండి’ అని చెప్పి వెళ్లడం నాకు నచ్చదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) మార్గదర్శకాలు మొదటి 3 గంటల్లో కిలోకు 30 మి.లీ. అంటాయి. ఈయనకు అది సుమారు 1,800. మేము ఆపరేషన్ గదికి పంపేలోపు 2,000 ఇచ్చాం.

హౌస్ సర్జన్ ఒకరు మంచి ప్రశ్న అడిగారు: లాక్టేట్ ఇప్పటికే 5.8 ఉన్న మనిషికి లాక్టేట్ ఉన్న సీసా ఎందుకు? ఆ సీసాలో ఉన్నది సోడియం లాక్టేట్. కాలేయం దాన్ని బైకార్బొనేట్‌గా మారుస్తుంది, రక్తంలో ఆమ్లాన్ని అది పెంచదు. పెంచగలిగేది మనం ‘నార్మల్’ అని పిలిచే సెలైన్. అందులో క్లోరైడ్ లీటరుకు 154 మిల్లీమోల్స్. మన రక్తంలో 100కి కాస్త అటూ ఇటూ, రింగర్ లాక్టేట్‌లో సుమారు 110. లీటర్ల కొద్దీ సెలైన్ పోస్తే ఆ క్లోరైడే రక్తాన్ని ఆమ్లం వైపు నెడుతుంది. 2018లో అమెరికాలో 15,802 మంది ఐసీయూ రోగులపై జరిగిన స్మార్ట్ పరిశీలనలో సెలైన్ కంటే ఇలాంటి సమతుల ద్రవాలకు కాస్త మొగ్గు కనిపించింది. 2022 నాటి ప్లస్ అధ్యయనంలో మరణాల్లో తేడా తేలలేదు. తలకు దెబ్బ తగిలినవారిని మినహాయిస్తే నేను రింగర్ లాక్టేట్‌నే ఎంచుకుంటాను. ఈ ఒక్క రోగి విషయంలో మాత్రం అసలు సమస్య సీసా రకంలో లేదు.

బీపీ కోసం ద్రవాన్నే నమ్ముకోలేదు. నలభై నిమిషాలకే ముంజేతిలోని పెద్ద సిర ద్వారా బీపీ పెంచే మందు నార్‌ఎడ్రినలిన్ మొదలుపెట్టాం. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి పంపే గొట్టం) వేసేదాకా ఆగాలనే పాత పట్టుదల వల్ల ఆ గంటలో రెండు మూడు సీసాలు అదనంగా ఎక్కుతాయి. గంటలోపు యాంటీబయాటిక్ పడింది. 9 గంటలకు ఆపరేషన్ మొదలైంది. జీర్ణాశయం దాటగానే వచ్చే ఆంత్రమూలం మొదటి భాగంలో సుమారు ఒక సెంటీమీటరు చిల్లు, ఉదరంలో లీటరున్నర పసరు, చీము. సర్జన్ గారు చిల్లును పేగుల మీద పరుచుకుని ఉండే వపా కొవ్వుతో మూసి, ఉదరం కడిగి, ఆహారం కోసం చిన్నపేగులోకి ఒక ట్యూబు ఉంచారు. ఆపరేషన్‌లో మరో 2,000 రింగర్ లాక్టేట్ పోయింది. మధ్యాహ్నానికి నార్‌ఎడ్రినలిన్ కిలోకు నిమిషానికి 0.20 మైక్రోగ్రాములు, లాక్టేట్ 3.4. ఇంతవరకు చేసినదాంట్లో ఈ రోజైనా నేను మార్చేది ఏమీ లేదు.

మూడు రోజుల లెక్క

ఐసీయూకు చేరగానే నేను రాసిన ఆర్డరు ఒక్క వరుస: రింగర్ లాక్టేట్ గంటకు 100 మి.లీ. ఎప్పటివరకు అన్నది రాయలేదు. అది నా చేతిరాత.

గంటకు 100 అంటే రోజుకు 2,400. ఏ నష్టమూ లేని మనిషికి రోజువారీ అవసరం కిలోకు 25 నుంచి 30 మి.లీ., అంటే ఈయనకు 1,500 నుంచి 1,800. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. దాని పక్కన రెండు ప్రవాహాలు నడుస్తున్నాయి, వాటిని నేను ఆర్డరుగా చూడలేదు.

మొదటిది మందులతో వెళ్లే నీరు. పారాసిటమాల్ 100 మి.లీ. సీసాలు రోజుకు నాలుగు. పైపరాసిలిన్-టాజోబ్యాక్టమ్ 100 మి.లీ. సెలైన్‌లో కలిపి నాలుగు సార్లు. మెట్రోనిడజోల్ 100 మి.లీ. మూడు సార్లు. పాంటోప్రజోల్‌కు మరో రెండు వందలు. లైన్లు కడగడానికి వంద. మొత్తం 1,400 మి.లీ. ద్రవాల ఆర్డరు ఉండే పేజీలో ఇవేవీ లేవు, మందుల పేజీలో ఉన్నాయి. పైగా మెట్రోనిడజోల్ అసలు అవసరమే లేదు. అది చంపే సూక్ష్మజీవులను పైపరాసిలిన్-టాజోబ్యాక్టమ్ కూడా చంపుతుంది. అలవాటుగా రాసిన ఒక మందు రోజుకు 300 మి.లీ. ఉప్పునీటిని మోసుకొచ్చింది.

రెండోది రాత్రి సీసాలు. తెల్లవారుజామున 2 గంటలకు మూత్రం గంటకు 20 మి.లీ.కి పడుతుంది. సిస్టర్ డ్యూటీ డాక్టరును లేపుతారు. ఆయన 500 మి.లీ. బోలస్ (వేగంగా ఎక్కించే సీసా) చెబుతారు. బీపీ అరగంట పాటు నాలుగైదు అంకెలు లేస్తుంది, మూత్రం కాస్త వస్తుంది, అందరికీ సరైన పనే చేశామనిపిస్తుంది. పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు శరీరమే నీటిని పట్టి ఉంచుతుంది. నొప్పి, ఒత్తిడి వల్ల మెదడు నుంచి వచ్చే హార్మోను మూత్రపిండాలకు నీరు వదలొద్దని చెబుతుంది. ఆ సమయంలో తగ్గిన మూత్రం ఒక్కటే నీటి కొరతకు సాక్ష్యం కాదు. సెప్సిస్‌లో రక్తనాళాల లోపలి పూత దెబ్బతిని ఉంటుంది కాబట్టి పోసినదాంట్లో చాలా భాగం గంట రెండు గంటల్లో కణజాలంలోకి జారిపోతుంది. బీపీ మళ్లీ పడుతుంది, ఇంకో సీసా వస్తుంది. ఆ డ్యూటీ డాక్టర్లను నేను తప్పుపట్టను. వాళ్ల ముందున్న చార్టులో ఆపమని చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

గురువారం ఉదయం కూర్చుని కలిపాను. సోమవారం లోపలికి 7,600, బయటికి 1,600. మంగళవారం 4,450, బయటికి 1,800. బుధవారం 4,450, బయటికి 1,850. మూడు రోజులకు 11,250 మి.లీ. మిగులు. చెమట, శ్వాస ద్వారా రోజుకు ఎనిమిది వందలు పోయినా సుమారు 9 లీటర్లు ఒంట్లోనే ఉన్నాయి. తూకం ఉన్న మంచం మీద చూస్తే 67.5 కిలోలు. అంటే సోమవారం కంటే సరిగ్గా 9 కిలోలు ఎక్కువ. లెక్క, తూకం ఒకే మాట చెప్పాయి.

నన్ను ఎక్కువ కలచివేసింది ఉప్పు లెక్క. రోజుకు 2,400 మి.లీ. రింగర్ లాక్టేట్‌లో సోడియం సుమారు 314 మిల్లీమోల్స్. మందులు కలిపిన సెలైన్‌లో, మందుల్లోనే ఉన్నది కలిపితే దాదాపు 500. ఈయనకు కావలసింది 60. ఐదు వందల మిల్లీమోల్స్ అంటే 29 గ్రాముల ఉప్పుతో సమానం. బీపీ ఉన్నవారికి మన ఊళ్లో గోంగూర పచ్చడి తగ్గించమని చెబుతాం, రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటాం. అదే మనిషి మంచం మీద పడుకుని, దాహం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు దానికి ఆరింతలు సిరలోకి పంపాం. అంత ఉప్పును వదిలించుకోవడం ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకే రోజుల పని.

గురువారం ఉదయం

తెల్లవారుజామున 4 గంటల నుంచి మూత్రం మళ్లీ గంటకు 20 మి.లీ. నేను 8 గంటలకు వచ్చేసరికి ఇంకో 500 సీసా స్టాండుకు వేలాడుతోంది, ఇంకా కలపలేదు. అప్పుడు రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక మాట అన్నారు: “డాక్టర్ గారూ, సోమవారం సాయంత్రం ఆయన భార్య చేతికి కట్టిన ఎర్రదారం చూడండి. అప్పుడు నా వేలు దూరేంత వదులుగా ఉంది. ఇప్పుడు చర్మంలోకి దిగిపోయింది.”

ఆ దారాన్ని కత్తిరించి, మనిషిని మొదటి నుంచి పరీక్షించాను. చేతులు వెచ్చగా ఉన్నాయి, గోటి రంగు 2 సెకన్లలో వచ్చింది. లాక్టేట్ 1.6. నార్‌ఎడ్రినలిన్ 0.06కి తగ్గింది, మీన్ ప్రెజర్ (సగటు బీపీ) 68. అంటే అవయవాలకు రక్తం అందుతోంది. మరోవైపు వెంటిలేటర్ మీద ఆక్సిజన్ 50 శాతం కావాలి, సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్షలో పది నిమిషాలకే అలిసిపోయారు. ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్‌లో రెండు వైపులా నీటి గీతలు. గుండెకు చేరే పెద్ద సిర 2.4 సెంటీమీటర్లకు ఉబ్బి, శ్వాసతో కదలడమే లేదు. కడుపు ఉబ్బి బిగువుగా ఉంది. క్రియాటినిన్ 1.7కి తగ్గినది మళ్లీ 2.0.

మూత్రాశయంలోకి 25 మి.లీ. సెలైన్ పంపి ఉదర పీడనం కొలిచాం. 19 మి.మీ. 12 దాటితే ఎక్కువ. 20 దాటి, కొత్తగా ఒక అవయవం దెబ్బతింటే కడుపు తెరవాల్సిన పరిస్థితి. 68లోంచి 19 తీసేస్తే మూత్రపిండాలను రక్తం నెట్టగలిగే ఒత్తిడి 49 మాత్రమే మిగిలింది, కనీసం 60 ఉండాలి. పేగు గోడలు నీరు తాగి ఉబ్బాయి, ఉబ్బిన పేగులు మూత్రపిండాలను, ఉదరవితానాన్ని నొక్కుతున్నాయి. ఆ మూత్రపిండాలకు నీరు తక్కువై కాదు మూత్రం రానిది. ఆ సీసా కలిపి ఉంటే మరింత బిగిసేది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ద్రవం పనికొస్తుందా లేదా అని తెలుసుకోవడానికి కాళ్లు పైకెత్తి చూసే పరీక్షను నేను చాలా ఇష్టంగా వాడతాను. ఉదర పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని నమ్మకూడదు. కాళ్లలోని రక్తం బిగిసిన ఉదరాన్ని దాటి గుండెకు సరిగా చేరదు. అందుకే ఈయనకు ఆ పరీక్ష చేయలేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజు కడుపు బిగుసుకుంటే నీటి కంటే ముందు అనుమానించాల్సింది అతుకు ఊడిందా అన్నది. సర్జన్ గారిని పిలిచాను. ఉదరంలోని ద్రవాన్ని బయటికి తెచ్చే డ్రెయిన్ గొట్టంలో పసరు లేదు, జ్వరం తగ్గుతోంది, తెల్లకణాలు దిగుతున్నాయి. అల్ట్రాసౌండ్‌లో చీము గూడు లేదు, పేగు గోడలు మందంగా ఉన్నాయి. ఆయన అన్నారు: “నీళ్లు ఆపి ల్యాసిక్స్ ఇస్తే కిడ్నీలు పూర్తిగా పోతాయేమో. నా అనుభవంలో ఎండబెట్టిన పేషెంట్లే డయాలిసిస్ దాకా వెళ్లారు.”

ఆ భయానికి ఆధారం ఉంది. 2018లో వచ్చిన రిలీఫ్ అధ్యయనంలో పెద్ద ఉదర ఆపరేషన్లు చేయించుకున్న సుమారు 3,000 మందిని రెండు వర్గాలు చేశారు. ద్రవాన్ని బాగా తగ్గించిన వర్గంలో 8.6 శాతం మందికి, ధారాళంగా ఇచ్చిన వర్గంలో 5 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నేను ఆయనతో చెప్పింది ఇది: “సార్, ఆ లెక్క ఆపరేషన్ రోజుది, ఆ తర్వాతి ఇరవై నాలుగు గంటలది. ఆ రోజు మనం తగ్గించలేదు. ఈయన ఇవాళ 9 కిలోల నీటితో ఉన్నారు.” 2022లో యూరప్ ఐసీయూల్లో సెప్టిక్ షాక్ రోగులపై జరిగిన క్లాసిక్ అధ్యయనంలో మొదటి ద్రవం ఇచ్చాక మిగతాది తగ్గించిన వారిలో 90 రోజుల మరణాలు 42.3 శాతం, మామూలుగా ఇచ్చిన వారిలో 42.1. తగ్గించడం ప్రాణాలు కాపాడిందని ఇది నిరూపించదు, నష్టం చేయలేదని చెబుతుంది. అందువల్ల నిర్ణయం మళ్లీ మంచం పక్కకే, ఈ ఒక్క మనిషి చేతులు, ఊపిరితిత్తులు, కడుపు చెప్పే మాటకే వస్తుంది. సర్జన్ గారు కొంతసేపు ఆలోచించి, “ఆరు గంటలు చూద్దాం, మూత్రం రాకపోతే మళ్లీ మాట్లాడుకుందాం” అన్నారు.

రింగర్ లాక్టేట్ ఆపాం. మెట్రోనిడజోల్ ఆపాం. యాంటీబయాటిక్‌ను 50 మి.లీ. సిరంజి పంపులోకి, పాంటోప్రజోల్‌ను 10 మి.లీ. నెమ్మది ఇంజెక్షన్‌కు, పారాసిటమాల్‌ను పేగు ట్యూబులోకి మార్చాం. మందుల నీరు 1,400 నుంచి 300కి దిగింది. మూత్రం తెప్పించే ఫ్యూరోసెమైడ్ (ల్యాసిక్స్) 40 మి.గ్రా. ఇచ్చి, తర్వాత గంటకు 5 మి.గ్రా. నడిపాం. మొదటి గంట మూత్రం 30 మి.లీ. సర్జన్ గారు వెళ్లకుండా అక్కడే కూర్చున్నారు. రెండో గంట 280. మూడో గంట 340. మధ్యాహ్నం నార్‌ఎడ్రినలిన్‌ను కాసేపు 0.10కి పెంచాల్సి వచ్చింది, రాత్రికి మళ్లీ తగ్గింది. పొటాషియం 3.4కి పడితే భర్తీ చేశాం. నీరు తీసేటప్పుడు ఆరు గంటలకోసారి పొటాషియం, సోడియం చూడకపోతే ఒక ప్రమాదం నుంచి తప్పించి ఇంకోదాంట్లోకి నెట్టినవాళ్లమవుతాం.

ఆ రోజు సందర్శకుల సమయంలో ఆయన భార్య వచ్చి స్టాండు వైపు చూశారు. ఖాళీగా ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. “బాటిల్ తీసేశారేమిటి డాక్టర్ గారూ? ఇక ఆశ లేదనా?”

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. మన దగ్గర వైద్యం జరుగుతోందనడానికి కంటికి కనిపించే గుర్తు ఆ సీసాయే. నీరసమంటే బాటిల్, జ్వరమంటే బాటిల్. అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో ఉండే చక్కెర 25 గ్రాములు, దాని శక్తి రెండు ఇడ్లీలంత. ఆ నమ్మకం వెనక నిజమైన చరిత్ర కూడా ఉంది. 1832లో స్కాట్లండ్‌లో థామస్ లాటా అనే డాక్టరు కలరాతో ఎండిపోయిన రోగుల సిరల్లోకి ఉప్పునీరు పంపినప్పుడు చనిపోతున్న మనుషులు లేచి కూర్చున్నారు. ఎండిపోయినవారికి అది నేటికీ అంతే శక్తిమంతమైన మందు. ఆమెను కూర్చోబెట్టి, ఎర్రదారం దిగిన చేతి మీది గుంటను చూపించాను. “అమ్మా, మొదటి రోజు ఈ నీళ్లే ఆయనను బతికించాయి. ఇప్పుడు ఒంట్లో ఎక్కువైపోయి ఊపిరికి అడ్డం పడుతున్నాయి. మేమే ముందుగా ఆపాల్సింది, ఆలస్యం చేశాం. ఇప్పుడు తీస్తున్నాం.” ఆమె మూత్రం సంచి వైపు చూసి, “ఇది నిండితే మంచిదా?” అని అడిగారు. అవునన్నాను. తర్వాత మూడు రోజులు వచ్చినప్పుడల్లా ఆమె ముందు చూసింది ఆ సంచినే.

తర్వాత

చార్టు ప్రకారం గురువారం 1,900 మి.లీ., శుక్రవారం 1,800, శనివారం 1,500 లోటు. ఉదర పీడనం శుక్రవారం 14, శనివారం 11. పేగు వాపు తగ్గడంతో ట్యూబు ద్వారా ఇచ్చే ఆహారం ఒంటికి పట్టింది. క్రియాటినిన్ 1.6, తర్వాత 1.2. శుక్రవారం సాయంత్రం నార్‌ఎడ్రినలిన్ ఆగింది, శనివారం వెంటిలేటర్ శ్వాస గొట్టం తీశాం. ఆదివారం బరువు 60.9. పదమూడో రోజు ఇంటికి వెళ్లారు.

చార్టును మళ్లీ మళ్లీ చూశాను. మలుపు మంగళవారం సాయంత్రం 6 గంటలకు ఉంది. అప్పటికి లాక్టేట్ 1.9, గోటి రంగు 2 సెకన్లు, నార్‌ఎడ్రినలిన్ 0.20 నుంచి 0.08కి దిగింది. షాక్ ముగిసింది. నీరు పోసే దశ అక్కడ ఆగాలి, కొద్దిగా మాత్రమే ఇచ్చే దశ, తర్వాత తీసే దశ మొదలవ్వాలి. ఆ సాయంత్రం నేను రౌండ్‌లో ఆ మంచం దగ్గరే ఉన్నాను. అంకెలు బాగున్నాయని సంతోషించి, ఆర్డరును అలాగే ఉంచి, పక్క మంచానికి వెళ్లాను. అప్పుడే ఆపి ఉంటే ఆయనకు కనీసం రెండు రోజుల వెంటిలేటర్ తప్పేదని నా అంచనా.

ఇప్పుడు మా దగ్గర ద్రవం ఆర్డరు 12 గంటలకు మించి చెల్లదు. గడువు దాటితే సిస్టర్ ఆపేసి మాకు చెబుతారు. యాంటీబయాటిక్‌కు రాసినట్టే మందు, మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గించాలి అన్నవి ద్రవానికీ రాస్తున్నాం. మందులతో వెళ్లే నీటికి చార్టులో ప్రత్యేక గడి వచ్చింది. రోజూ ఉదయం 6కి బరువు చూడటం కష్టమైన పనే, తూకం ఉన్న మంచాలు మాకు రెండే ఉన్నాయి, అవి నీరు ఎక్కువగా పోయాల్సి వచ్చిన రోగులకు కేటాయిస్తున్నాం. రాత్రి బోలస్‌కు ముందు డ్యూటీ డాక్టరు గోటి రంగు ఎన్ని సెకన్లో, ఊపిరితిత్తుల్లో ఏమి వినిపించిందో రాయాలి. ఇది మొదట్లో కొందరికి భారంగా అనిపించింది. చేతిని తాకి చూశాక వాళ్లే సగం బోలస్‌లు మానుకుంటున్నారు.

ఆయన ఏప్రిల్‌లో చూపించుకోవడానికి వచ్చారు. క్రియాటినిన్ 1.0, బరువు 57. కడుపులోని హెలికోబ్యాక్టర్ సూక్ష్మజీవికి మందుల కోర్సు పూర్తయింది. మోకాళ్ల కోసం డైక్లోఫెనాక్ మళ్లీ ముట్టవద్దని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను, ఫిజియోథెరపీకి పంపాను. వెళ్తూ ఆమె అడిగారు: “ఇంకా నీరసంగానే ఉన్నారు. మా ఊరి డాక్టర్ గారు రెండు బాటిళ్లు పెడతానంటున్నారు. పెట్టించమంటారా?” అవసరం లేదని, మజ్జిగ, గుడ్లు, పప్పు ఎక్కువగా పెట్టమని చెప్పి, ఆ ఆర్ఎంపీ గారి నంబరు తీసుకున్నాను.

ఆయనతో ఫోనులో ఇరవై నిమిషాలు మాట్లాడాను. నీరసానికి బాటిల్ గురించి తక్కువే మాట్లాడాను. నొప్పి మాత్రలు వాడే మనిషికి ఒక్కసారిగా పైకడుపు నొప్పి వచ్చి, కడుపు చేతికి గట్టిగా తగిలితే, నొప్పి తగ్గినా సరే, బాటిల్ పెట్టి ఉంచుకోకుండా వెంటనే పంపమని అడిగాను. ఆయన మర్యాదగా విన్నారు, గట్టిదనం ఎలా చూడాలో రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. మే నెల రెండో వారంలో ఆయన ఒక ముసలాయనను ఆటోలో పంపారు. నొప్పి మొదలై 5 గంటలైంది. చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, ఆపరేషన్‌కు ముందు లీటరు సరిపోయింది.